సమస్యాపూరణం: “లేని యంత్రమొకటి లెక్కగట్టె”

నిర్వాహకుడు:

ఈ పక్షపు సమస్య ఆటవెలది చివరి పాదం. మన విశాఖ బృందంలో వ్యాపార సాఫ్ట్‌వేరును కొనుగోలుదారుల ఎదుట నడిపి చూపడమే వృత్తిగా ఉన్నవారు కొందరున్నారు; సర్వర్లను వెంట మోసుకుపోలేరు గనుక, బలమైన ఒకే ల్యాప్‌టాప్‌లో డేటాబేసు సర్వరును, అప్లికేషన్ సర్వరును, వాడుకరి కంప్యూటరును వర్చువల్ మెషీన్లుగా, అంటే సాఫ్ట్‌వేరు కల్పించిన ఒళ్లు లేని కంప్యూటర్లుగా, నిలిపి చూపిస్తారు. లేని యంత్రం లెక్కగట్టడం అసంగతంగా వినిపించినా, ఇటువంటి యంత్రాలను నడిపే వీఎం/370 వ్యవస్థను ఐబీఎం 1972లో ప్రకటించిన నాటినుండి పెద్ద కంప్యూటర్లలోను, 1999లో అదే పనిచేసే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ సాఫ్ట్‌వేరు వచ్చాక మన బల్లలమీద కూడా ఇది జరుగుతూనే ఉంది. ఛందస్సు తప్పకూడదు, యంత్రం విషయంలో నిజమూ తప్పకూడదు.

మధురవాడ సభ్యురాలు:

రొక్కమెంతొ పోసి రుషికొండ యింటికి
ల్యాపుటాపు దెచ్చి యందులోన
మేను లేక పుట్టె మిథ్యగా సర్వరు
లేని యంత్రమొకటి లెక్కగట్టె

నిర్వాహకుడు:

అమ్మా, ‘మేను లేక పుట్టె’ అన్న మాటతో సమస్యలోని విరోధం చక్కగా విడిపోయింది. అయితే ‘దెచ్చి’ అన్న క్త్వార్థకానికి కర్త కొన్న మనిషి, ‘పుట్టె’కు కర్త సర్వరు, ఈ కర్తృభేదాన్ని వ్యాకరణం ఒప్పుకోదు. ‘ల్యాపుటాపు దేగ నందులోన’ అంటే దోషం పోతుంది. అక్కడ ‘అందు’లోని అకారానికి ‘ల్యా’లోని యకారంతో యతి చెల్లుతుంది. ‘ఎంతో’ను కుదించడం కన్నా ‘రొక్క మధిక మొసగి’ మేలు.

గాజువాక సభ్యుడు:

అరువదియును నాల్గు హంగైన జీబీలు
కలుగ, నాల్గు భాగములుగ బంచ,
గృహము నడుపువాడు క్షీణింపకుండగ
లేని యంత్రమొకటి లెక్కగట్టె

వర్చువల్ మెషీన్‌ను అతిథి అని, దానిని మోసే అసలు వ్యవస్థను ఆతిథేయి అని మా పనివాళ్లం అనుకుంటాము గనుక, ‘గృహము నడుపువాడు’ అని వ్రాశాను. జీబీలన్నవి ర్యామ్ కొలత; ర్యామ్ అంటే కంప్యూటరు పనిచేస్తూ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం.

నిర్వాహకుడు:

మూడవ పాదం ఈ పద్యానికి ప్రాణం. వచ్చిన అతిథులందరికీ వడ్డించి ఇంటివాడు పస్తుంటే ఆ ఇల్లు నడవదు, ల్యాప్‌టాప్‌లోనూ అంతే. ప్రాసెసరు కోర్లను పలు యంత్రాలు వంతులవారీగా పంచుకోగలవు గనుక అక్కడ కొంత ఉదారంగా ఉన్నా చెల్లుతుంది గాని, ర్యామ్ విషయంలో ఆ ఉదారత పనికిరాదు. అది చాలనప్పుడు వ్యవస్థ డిస్కును ఆశ్రయిస్తుంది, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం డిస్కయినా ర్యామ్‌తో సరితూగదు, కొనుగోలుదారు ఎదుట తెర కదలకుండా నిలిచిపోతుంది. నేను ఈ కష్టం పడినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక దోషాలు. ‘హంగైన’ అన్న మాట యతికోసమే వచ్చింది, అర్థానికి ఏమీ చేర్చలేదు. ‘కలుగ–ములుగ’ ప్రాసయతి అందంగానే ఉంది, కాని ‘నాల్గు భాగములుగ’ అన్నప్పుడు సమభాగాలే స్ఫురిస్తాయి. డేటాబేసుకు 24, అప్లికేషన్ సర్వరుకు 16, వాడుకరి యంత్రానికి 8 జీబీలిచ్చి, ఆతిథేయికి 16 మిగుల్చుకోవడం నాకు నచ్చిన పంపకం. ఆకలినిబట్టి వడ్డన ఉండాలి. దయచేసి తిరగ వ్రాయండి.

పెదవాల్తేరు సభ్యుడు:

బయసులోన నొక్క వర్చువల్ మీటను
తిప్పినంత జిక్కు దీరిపోయె;
ఏడు గంటలైన నించుక బడలిక
లేని యంత్రమొకటి లెక్కగట్టె

నిర్వాహకుడు:

‘బడలిక లేని యంత్రము’ అని పై పాదంతో కలిపి విరవడం అవధానులు ఎరిగిన పాత ఉపాయమే. విరోధం తొలగిపోయింది, దానితో పాటు వింత కూడా కొంత తగ్గింది. ‘బయసు’ అంటే బయోస్, కంప్యూటరు తెరుచుకునేటప్పుడు మొదట నడిచే మూల అమరిక; అందులో వర్చువలైజేషన్ ఆపి ఉంటే 64 బిట్ అతిథి వ్యవస్థలు, వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరులో మొదలే కావు గనుక పూర్వార్ధం నిక్కమైన అనుభవం. ఏడు గంటల మాట మాత్రం చార్జరు తగిలించి ఉన్నప్పుడే నిజమవుతుంది. ఇంత బరువు మోస్తున్నప్పుడు బ్యాటరీ అంతసేపు ఆగదు.

మధురవాడ సభ్యురాలు:

నిరుడు వానాకాలంలో బీచ్ రోడ్డు దగ్గర ఒక సభామందిరంలో ప్రదర్శన మొదలుపెట్టిన కాసేపటికే ఇంటర్నెట్ పోయింది. యంత్రాలన్నిటినీ హోస్ట్ ఓన్లీ నెట్‌వర్కులో, అంటే బయటి ఇంటర్నెట్‌తో పనిలేక ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండే వలలో, కలిపి ఉంచాను గనుక అవి తమలో తాము మాట్లాడుకుంటూనే ఉన్నాయి; ప్రదర్శన ఆగలేదు. ఆ రోజు జ్ఞాపకంతో మరొక పూరణ:

సాగరంబు చెంత జాలమ్ము తెగిపోగ
తనకు దానె వలను దాల్చియున్న
పెట్టెలోన దాగి పెద్దలు మెచ్చంగ
లేని యంత్రమొకటి లెక్కగట్టె

నిర్వాహకుడు:

సాగరం చెంత జాలం, వల అన్న రెండు మాటలూ జాలరివాడకు చెందినవే అయి ఉండి, కంప్యూటరు పరంగానూ పొసగడం ఈ పద్యంలోని శ్లేష. మన ఊరివారు మాత్రమే ఇలా అనగలరనిపించి మనసు నిండింది. సకారానికి జకారంతో యతి చెల్లుతుంది. ‘దాగి’కి, ‘లెక్కగట్టె’కు కర్త యంత్రమే కనుక మొదటి పూరణలోని దోషం ఇందులో లేదు. ఈ పక్షానికి ఇదే ఉత్తమ పూరణ. ఈ పద్ధతిని అనుసరించేవారు లైసెన్సు సరిచూడడానికి ఇంటర్నెట్ కోరే సాఫ్ట్‌వేరును ముందురోజే తెరిచి చూసుకొని, అప్పుడే స్నాప్‌షాట్, అంటే యంత్రం ఆ క్షణంలో ఉన్న స్థితి నకలు, తీసి పెట్టుకోవాలి. ప్రదర్శనలో నమోదైన లెక్కలన్నీ ఆ తరువాత ఒక్కసారిగా వెనక్కు తిప్పవచ్చు.

గాజువాక సభ్యుడు:

గురువుగారూ, మీరు చెప్పిన రెండు దోషాలనూ సవరించాను. ‘అరువ–సరిపో’ అని మొదటి పాదంలోనూ ప్రాసయతే వేశాను.

అరువదియును నాల్గు సరిపోవు జీబీలు
కలుగ, నెక్కుతక్కువలుగ బంచ,
గృహము నడుపువాడు క్షీణింపకుండగ
లేని యంత్రమొకటి లెక్కగట్టె

నిర్వాహకుడు:

ఇప్పుడు ఛందస్సూ కుదిరింది, వడ్డనా కుదిరింది. స్వీకరించాను.