ఈ ఆదివారం మీ ఇంట్లో ఏ గ్రామఫోన్ ప్లేటు తిరుగుతోంది?

బరంపురం: మా ఇంట్లో తాతగారి ఘంటసాల భగవద్గీత ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు). అట్ట మూల ఎలక కొట్టేసింది. సముద్రపు గాలికి బూజు పట్టి, శ్లోకం మధ్యలో పకోడీలు వేగుతున్న చప్పుడు. స్పిరిట్‌తో తుడవొచ్చా? పాత 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు) కూడా ఓ పెట్టెడున్నాయి.

పర్లాకిమిడి: ఆగండి మాష్టారూ! 78లు లక్కవి, స్పిరిట్ తగిలితే పాడైపోతాయి. డిస్టిల్డ్ వాటరు, మెత్తటి గుడ్డ చాలు. లేబుల్ తడవనీకండి. 78 ముల్లు ఎల్పీ మీద పెట్టకండి, ఎల్పీ గాడి బాగా సన్నం. నేనలాగే ఒక బాలమురళి ఎల్పీని గీసి పారేశాను. ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది.

రాయగడ: మా అమ్మ పొద్దున్నుంచీ ఒడియా భజనల 45 స్పీడు ప్లేటు వదలట్లేదు. 33 స్పీడులో పెట్టేసి, గాయకుడికి జలుబంటుంది!

బరంపురం: తుడిచాను మాష్టారూ. పకోడీలు తగ్గాయి. ఎలక మాత్రం దొరకలేదు.