అప్‌డేట్: మా అరెకా పామ్‌కి పట్టింది ఎర్రనల్లే
పర్లాకిమిడిలో మా హాల్లో అరెకా పామ్ ఆకులు సన్న చుక్కలొచ్చి పాలిపోతున్నాయి, ఏం పురుగు అని అడిగా కదా, తేలిపోయిందండి, ఎర్రనల్లి (స్పైడర్ మైట్, ఆకు రసం పీల్చే అతిచిన్న పురుగు). మీరు చెప్పినట్టు ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టా, మిరియప్పొడిలా రాలి మెల్లగా నడవడం మొదలెట్టాయి, వేలితో రుద్దితే ఎర్రటి గీత!

బాత్రూంలో పెట్టి ఆకుల అడుగున, ఈనె పక్కన ఈ నల్లి అల్లిన సాలెగూడు లాంటి సన్న బూజు పోయేదాకా నీళ్ళు కొట్టా. తర్వాత లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రంపూట స్ప్రే, గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి మళ్ళీ కొట్టాల్సిందే. షాపులో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇవ్వబోయారు, వద్దన్నా, అది నల్లి మీద పనిచెయ్యదు, ఒక్కోసారి దానివల్ల నల్లి ఇంకా పెరుగుతుంది కూడా. పాలిపోయిన ఆకులు పచ్చబడవు గానీ కొత్త మొవ్వు శుభ్రంగా వస్తోంది, చాలా సంతోషంగా ఉంది. పక్కనున్న మనీప్లాంట్ ఆకులు కూడా తిప్పి చూస్తున్నా.