రెండడుగుల ట్యాంకు, బోరు నీళ్ళు: ఏ చేపలు కలిపి వేయొచ్చు?

మణికొండ_అమ్మ:
మావాడి పోరు పడలేక రెండడుగుల ట్యాంకు కొన్నాం. 24×12×15 అంగుళాలు, లోపల స్పాంజ్ ఫిల్టర్, చేపలు ఇంకా వేయలేదు. షాపతను గోల్డ్ ఫిష్ ఒక జత, ఏంజెల్ ఒక జత, నాలుగు నియాన్ టెట్రాలు, నాచు తినడానికి ఒక సకర్ ఇస్తానంటున్నాడు, అన్నీ కలిసిమెలిసి ఉంటాయట. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళే ఎక్కువ, మంజీరా (ఊరి కుళాయి సరఫరా) నీళ్ళు వచ్చిన రోజు అవీ సంపులో కలుస్తాయి. కుళాయిల మీద తెల్లగా పేరుకుంటుంది. ఇద్దరం ఉద్యోగస్తులం, రోజూ సేవలు చేసే ఓపిక లేదు. ఏవి తీసుకోమంటారు?

బోరునీళ్ళ_బాబాయ్:
ఆ లిస్టు పక్కన పడేయమ్మా. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్ళు కావాలి, తెగ తిని తెగ మురికి చేస్తుంది, పెరిగాక నోట్లో పట్టిన చేపనల్లా మింగుతుంది. ఏంజెల్ ఇప్పుడు రూపాయి బిళ్ళంతే ఉంటుంది కానీ పెద్దదయ్యాక నియాన్లకు అదే యముడు. సకర్ అడుగు దాటి పెరుగుతుంది, మీ ట్యాంకు వెడల్పే అడుగు.

అయినా చేప పేరు కంటే ముందు నీళ్ళు చూడాలి. కుళాయి మీద ఆ తెలుపు కాల్షియం, అంటే మీది హార్డ్ వాటర్. నియాన్లు అమెజాన్ వైపు ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్ళలో పుట్టినవి. గప్పీ, ప్లాటీ, మోలీ లాంటివి, అంటే గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కనేవి, హార్డ్ వాటర్‌లోనే హాయిగా ఉంటాయి. వాటికోసం ఆర్వో నీళ్ళు పోసేరు, అందులో ఖనిజాలే మిగలవు. మీ 70 లీటర్లకు ఆరు మగ గప్పీలు, ఐదు మగ ప్లాటీలు, ఆరు జీబ్రా డానియోలు చాలు. డానియో మన గంగా పరీవాహక ప్రాంతం చేపే, ల్యాబుల్లో పరిశోధనలకు పెంచేది కూడా దీన్నే, అంత మొండిది. ఆరుకు తగ్గించొద్దు, గుంపు లేకపోతే పక్కవాటిని తరుముతుంది.

సైనిక్‌పురి_ట్యాంక్:
బాబాయ్ నియాన్ల మీద మరీ కక్ష కట్టారు. ఇప్పుడు షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే, మంజీరా నీళ్ళు మాత్రమే వచ్చే ఇళ్ళల్లో బాగానే బతుకుతాయి. కాకపోతే కొత్త ట్యాంకులో, అదీ బోరు నీళ్ళలో వద్దు, అంతవరకు ఒప్పుకుంటా. టైగర్ బార్బ్ ఎంత ముచ్చటగా కనిపించినా తేవద్దు మేడమ్, గప్పీల తోకలు కొరికేస్తుంది.

ఇంకో మాట. ట్యాంకు కొన్న వారానికే చేపలు వేయకండి. చేపల విసర్జనతో అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడాలి, ఆలోపు వేస్తే చేపలు వరసగా పోతాయి. ఖాళీ ట్యాంకులో రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఫిల్టర్ ఆపకుండా నడపండి, అది కుళ్ళితే బ్యాక్టీరియాకు అమ్మోనియా అందుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ (అదీ చేపలకు విషమే) రెండూ సున్నా చూపించాక చేపలు తెచ్చుకోండి, అవీ కొద్దికొద్దిగా. స్పాంజ్‌ని కుళాయి కింద ఎప్పుడూ కడగొద్దు, మంజీరా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చి, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తే మీ పని అయిపోయినట్టే.

మణికొండ_అమ్మ:
థ్యాంక్స్ అండి. నాలుగు వారాలు ఖాళీ ట్యాంకు అంటే మావాడు ఇల్లు పీకి పందిరేస్తాడు, ఏదో సర్దిచెప్తాను. మగవి మాత్రమే అని ఎలా గుర్తుపట్టాలి? షాపతను "అన్నీ మగవే మేడమ్" అంటే నమ్మెయ్యాలా?

బోరునీళ్ళ_బాబాయ్:
అస్సలు నమ్మొద్దు. కవర్‌ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పొట్ట కింద వెనకవైపు ఉన్న రెక్క చూడండి. ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, మగదానికి సన్నటి కడ్డీలా వెనక్కి వాలి ఉంటుంది. గప్పీకీ ప్లాటీకీ ఇదే గుర్తు. తోక రంగు చూసి ప్లాటీల్లో తేల్చలేం. ఒక్క ఆడది వచ్చినా, మీ ఇంట్లో మగది లేకపోయినా, షాపులో కలిసినదాంతోనే నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది.

సైనిక్‌పురి_ట్యాంక్:
ఎండాకాలం సంగతి మర్చిపోయాం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మూత తీసి జాలీ వేసి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదకు తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ట్యాంకుని కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. హీటర్ డిసెంబర్, జనవరి రాత్రులకు సరిపోతుంది, 75 వాట్లది తీసుకోండి.