అప్‌డేట్: మా ఊరి అడవికి ట్రస్టు కాదు, గ్రామసభే

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ఉన్న మా ఊరి పక్క అడవిని కాపాడేందుకు అందరం కలిసి ట్రస్టు పెట్టుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. అది అటవీ శాఖ భూమి కనుక ట్రస్టు పేర రాసుకునే వీలు లేదని, 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభే సామూహిక హక్కు (అడవిని ఊరంతా కలిసి వాడుకుని కాపాడుకునే హక్కు) కోరవచ్చని మీరు చెప్పిన మాట ప్రకారమే నడిచాం. మా గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామం 2009లో దాదాపు 1,800 హెక్టార్లపై ఆ హక్కు పొందిందని తెలిశాక ఊరికి ధైర్యం వచ్చింది.

కష్టమంతా గ్రామసభ కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, దగ్గరే ఎదురైంది. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. తునికాకు కోతల రోజుల్లో అది కుదరక సభ వాయిదా పడింది. తరువాతి సభలో మాత్రం, ఏటా ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లే వాగులు, గుట్టలు, పాత బాటల పేర్లతో సహా అడవి హద్దులన్నీ చెప్పారు. వృద్ధుల వాంగ్మూలాలను రాసుకుంటే నిబంధనల ప్రకారం అవి కూడా సాక్ష్యమే కాబట్టి, తెలుగులో చెప్పినవాటిని మరాఠీలో రాయించి హక్కు దరఖాస్తుకు జతచేశాం.

దరఖాస్తు ఇప్పుడు ఉపవిభాగ కమిటీ పరిశీలనలో ఉంది. ఈలోగా, పువ్వు ఏరడానికి చెట్ల కింద రాలిన ఆకులకు నిప్పు పెట్టకుండా ఊడ్చుకోవాలని సభ తీర్మానించింది. నా దృష్టిలో అన్నింటికంటే విలువైన నిర్ణయం ఇదే.