విదేశీ బట్ట బహిష్కరణ మన వరంగల్ దాకా వచ్చిందా? వస్తే దెబ్బ ఎవరికి తగిలింది?

పాప వాళ్ళమ్మ, హన్మకొండ

అందరికీ నమస్తే. ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి మా పాప స్కూల్లో ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఎనిమిదో తరగతి. పుస్తకంలో ఉన్నదంతా రాసుకుంది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో సభ, విదేశీ సరుకు కొనొద్దని తీర్మానం, వీధుల్లో మాంచెస్టర్ బట్టల మంటలు, చివరికి 1911లో బెంగాల్ విభజన రద్దు. ఆ సభ గుర్తుగానే 2015 నుంచి చేనేత దినోత్సవం జరుపుతున్నారని కూడా రాసింది. రాత్రి నాకు చదివి వినిపించి, "మమ్మీ, అప్పుడు మన వరంగల్‌లో ఏం కాల్చారు?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు, అన్నం తిను ముందు అని మాట దాటేశాను. అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది.

రెండు విషయాలు తెలియాలి. నిజాం రాజ్యంలో ఉన్న మన ఊళ్ళకి ఈ బహిష్కరణ వచ్చిందా? ఇంకోటి, కొనకుండా ఉంటే నిజంగా తెల్లవాడికే దెబ్బ తగిలిందా, మనవాళ్ళకీ తగిలిందా? ఇది ఎందుకు అడుగుతున్నానంటే మా అత్తగారిది కొత్తవాడ, వాళ్ళ నాన్న నేల మీద పరిచే షత్రంజీలు నేసేవాడు. నూలు దొరక్క మగ్గం ఆగిన రోజుల గురించి ఆమె ఇప్పటికీ చెబుతుంటుంది. మంటల గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

కాజీపేట జంక్షన్

మేడం, పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను, ఈ ప్రశ్న అడిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

1905 ఉద్యమం ప్రధానంగా బ్రిటిష్ ఇలాకాలో నడిచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి రాజమండ్రి, కాకినాడ, బెజవాడ, బందరు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు, రాజమండ్రి కాలేజీ పిల్లలు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకి వెళ్ళి శిక్షలు పడ్డారు. మన వైపు సంగతి వేరు. తర్వాతి కాలంలో అయితే గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండేది, సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టడానికి లేదు. అంత కట్టడి ఉన్నచోట నడిబజారులో బట్టలు కుప్పపోసి కాల్చడం ఎంత కష్టమో పాపకి చెప్పండి.

కానీ ఇంగ్లీషువాడి వ్యాపారం మన గడప తొక్కలేదు అనుకోవద్దు. పత్తి బాగా పండే బేరార్‌ని 1853లోనే కంపెనీ తన చేతిలోకి తీసుకుంది, హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చు కింద బాకీ పడ్డారని నిజాం మీద ఒత్తిడి పెట్టి. 1889 కల్లా మన కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడ దాకా రైలు పడింది. ఆ రైలు మీద మనం ఎంత గర్వపడినా, పత్తి బయటికి పోవడానికీ మిల్లు బట్ట ఊళ్ళలోకి రావడానికీ దారి వేసింది అదే. ఇక 1896లో ఏం చేశారంటే, దిగుమతి బట్ట మీద ఉన్న సుంకానికి సమానంగా మన దేశపు మిల్లు బట్ట మీద కూడా నూటికి మూడున్నర చొప్పున పన్ను వేశారు, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకి పోటీ రాకూడదని. ఈ మాట చెప్తే క్లాసులో పిల్లలకి కోపం వచ్చేది, ఆ కోపం నాకిష్టం.

దెబ్బ తగిలిందా అంటే తగిలింది. గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమం నాటి లెక్క చూడండి, 1920-21లో 102 కోట్ల రూపాయల విదేశీ బట్ట దిగుమతి అయితే మరుసటి ఏడాది 57 కోట్లకి పడింది. యుద్ధం తర్వాత వ్యాపారం మందగించడం కూడా అందులో కలిసి ఉంది కాబట్టి మొత్తం బహిష్కరణ ఖాతాలో వేయకండి. అయినా చిన్న దెబ్బ కాదు. అదే 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని లెక్క పెట్టుకుంది. నా దృష్టిలో ఆ మూడో లెక్క అన్నిటికన్నా పెద్దది. 1905లో కొనొద్దని చెప్పారు గానీ కట్టుకోవడానికి చాలినంత బట్ట చేతిలో లేదు, గిరాకీ చూసి బొంబాయి మిల్లులవాళ్ళు ధర పెంచారు, ఆ ధర పేదవాడు పెట్టలేకపోయాడు. రాట్నం లెక్క ఆ లోటు పూడ్చడానికి వచ్చింది.

నాడె చప్పుడు, కొత్తవాడ

సార్ చెప్పిన దాంట్లో మగ్గం వైపు నుంచి ఒకటి కలపాలి. విదేశీ బట్ట వద్దన్నారు, మంచిదే, నేత బతుకుతుంది. కానీ అప్పటికే దేశంలో చాలా మగ్గాల మీద, ముఖ్యంగా సన్నరకం నేసేవాళ్ళ దగ్గర, నూలు ఇంగ్లండ్ నుంచి వచ్చిందే. బట్ట మనది, పోగు వాళ్ళది. నూలు కూడా మానెయ్ అంటే సాలె ఇంట్లో పొయ్యి వెలిగేది ఎట్లా? అందుకే గాంధీ రాట్నం పట్టుకుని కూర్చున్నాడు, నూలు దగ్గర తెగితే తప్ప గొలుసు తెగదని ఆయనకి అర్థమైంది. ఇది చాలామందికి పట్టదు, రాట్నం అంటే ఫొటోలో గుర్తు అనుకుంటారు.

అయితే చేత్తో వడికిన నూలు నేయడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. నా చిన్నప్పుడు మా బాపు ఒకసారి ఖద్దరు నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, నాలుగు తెచ్చాడు, ఎవరో తువ్వాళ్ళు అడిగారని. ఒక్కో చిలపలో పోగు ఒకచోట బొద్దుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంది. అమ్మ గంజి చిక్కగా కాచి పట్టించింది, ఆరబెట్టి పడుగు చేసి మగ్గం ఎక్కించారు. బాపు మగ్గం గుంటలో కూర్చుని, అడ్డం పోగు తీసుకుపోయే నాడె నాలుగుసార్లు విసిరాడో లేదో పోగు తెగింది. ఆపాలి, వంగి రెండు కొసలు వెతకాలి, వేళ్ళు తడి చేసుకుని మెలిపెట్టి అతకాలి, మళ్ళీ కూర్చోవాలి. మళ్ళీ తెగింది. ఆ రోజు పొద్దు గూకేదాకా మూర బట్ట కూడా దిగలేదు. మా బాపు ఎప్పుడూ విసుక్కోని మనిషి, ఆ రోజు మాత్రం అన్నం తినేటప్పుడు ఎవరితో మాట్లాడలేదు. తువ్వాళ్ళు పూర్తి చేశాడనుకోండి, ఒప్పుకున్నాడు కాబట్టి.

నేతకి గజం లెక్కన డబ్బు. పోగు తెగినప్పుడల్లా కూలి తెగుతుంది. ఖద్దరు నేయడానికి చాలామంది సాలెలు వెనకాడారంటే దేశభక్తి లేక అనకండి, నాకు బాధేస్తుంది ఆ మాట వింటే. మిల్లు నూలు వాడినా చేతి నేతే నేశారు వాళ్ళు. మన వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ ఎగ్జిబిషన్‌కి పోయాయి, మన షత్రంజీలకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరుతో పేరున్న సరుకుకి ఇచ్చే గుర్తింపు వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పేరు నిలబెట్టినవాళ్ళు ఈ మగ్గాలవాళ్ళే. 1934లో ఆజంజాహి మిల్లు పెట్టాక వరంగల్‌లోనే మిల్లు నూలు తయారైంది, దాంతో దేశీ నూలు దగ్గరకి వచ్చింది. అదే మిల్లు బట్ట కూడా నేసింది, మగ్గానికి పోటీ కూడా ఊళ్ళోకే వచ్చింది.

ఈదులవనం, పరకాల దగ్గర

అమ్మా, వరంగల్‌లో ఏం కాల్చారని అడిగింది కదా మీ పాప. మా వైపు కాల్చినదానికన్నా నరికింది ఎక్కువ. 1947 సంగతి.

ముందు తారీఖు చూడండి. దేశానికి స్వాతంత్ర్యం వస్తోంది, నిజాం మాత్రం కలవనంటున్నాడు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ 'ఇండియన్ యూనియన్‌లో చేరాలి' అని ఉద్యమం మొదలుపెట్టింది ఆగస్టు 7నే. కలకత్తా సభ జరిగిన తేదీ, నలభై రెండేళ్ళ తర్వాత. ఇది మీ పాప తప్పకుండా చెప్పాలి. ఆ ఉద్యమంలో సర్కారుకి పైసలు వచ్చే దారులన్నీ మూసేయాలనుకున్నారు. లెవీ ధాన్యం ఇవ్వొద్దు, సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాల మీద దాడులు, ఇంకా తాళ్ళు, ఈదులు నరకడం. నిజాం సర్కారు ఖజానాలో ఆబ్కారీ పెద్ద ఆదాయం, కల్లు మీద కట్టే పన్ను అందులోకే పోయేది, చెట్టు పడితే పన్ను పడుతుందని లెక్క.

మాది గౌండ్ల ఇల్లు. మా తాత చెప్పేవాడు, ఒక తెల్లవారుజామున మోకు భుజాన వేసుకుని వనానికి పోతే ముత్తాత గీసే ఈదులు వరసగా పడి ఉన్నాయట. లొట్టి ఒకటి పగిలి, కల్లు మట్టిలో ఇంకి, చీమలు పట్టి ఉన్నాయని చెప్పేవాడు. ఆ చీమల మాట దగ్గర ఎప్పుడూ ఆగేవాడు. నరికినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, ఊరి కుర్రాళ్ళే, రజాకార్లకి భయపడకుండా ప్రాణం చేతిలో పెట్టుకుని తిరిగినవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టే నోరు నాకు లేదు, ఆ సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి పోయినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి, ఆ రక్తం మా ఊళ్ళు మరిచిపోలేదు. కానీ తాడి గీతకి రావాలంటే పన్నెండు, పదిహేనేళ్ళు. నరకడానికి ఒక రాత్రి. సర్కారుకి ఒక పద్దులో నష్టం, మా ముత్తాతకి మొత్తం బతుకే. మూడేళ్ళు పరాయి ఊళ్ళో కూలికి పోయాడు. మళ్ళీ అదే మనిషి మా తాతకి నేర్పిన పాట కూడా జెండా పాటే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, ఒకటి దాచి ఇంకోటి చెప్పలేను.

మీరు అడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు అదే. దెబ్బ రెండు వైపులా తగిలింది, ముందు తగిలింది మాకు. ఇంకా 1948లో ఇండియన్ యూనియన్ మన రాజ్యానికి సరుకులు రాకుండా ఆపింది, సముద్రం లేని రాజ్యం కదా, ఉప్పు ధర చూసి మా తాత వాళ్ళమ్మ పచ్చడి పెట్టడమే మానేసిందట.

మెట్‌పల్లి ఖద్దరు

ఈదులవనం అన్నా, చీమల మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

మా మెట్‌పల్లిలో ఖాదీ పని ఇప్పటికీ ఉంది, మా అవ్వ అక్కడ వడికేది. నడుం నొప్పి వచ్చేదాకా వడికితే వచ్చే డబ్బు ఆమెకి పెద్దది కాదు, కానీ ఎవరి చేతి కిందా లేని డబ్బు అని చెప్పుకునేది. అఖిల భారత చరఖా సంఘం 1925లో పుట్టింది, ఖద్దరు చవగ్గా అమ్మాలనే పట్టుదలలో వడికేవాళ్ళకి మరీ తక్కువ ఇస్తున్నారని చివరికి గాంధీకే అనిపించి, 1935లో కనీస కూలి ఉండాలని పట్టుపట్టాడు. దాంతో ఖద్దరు ధర పెరిగింది. పెరిగినా సరే ఇవ్వాల్సిందే అన్నాడు చూడండి, అందుకు ఆయన మీద గౌరవం. బట్టలు కాల్చినప్పుడు ఠాగూర్ ఒప్పుకోలేదు, ఒంటి మీద బట్టలేని జనం ఉన్న దేశంలో కాల్చడమేంటని. మా అవ్వకి ఈ గొడవలేవీ తెలియవు. చిరిగిన బట్ట కూడా పారేయకుండా బొంత కుట్టేది.

పాప వాళ్ళమ్మ, హన్మకొండ

అందరి మాటలూ పాపకి చదివి వినిపించాను. రాసుకున్న కాగితం పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టింది. మొదటి వాక్యం: "మా వరంగల్‌లో ఆగస్టు 7 రెండుసార్లు వచ్చింది." ఈదులవనం అన్నా, మీ ముత్తాత చెట్ల సంగతి చెప్పొచ్చా అని అడుగుతోంది, పేరూ ఊరూ చెప్పదు. మా అత్తగారు కూడా కూర్చుని విన్నారు. పోగు తెగిన మాట దగ్గర "నాలుగు విసుర్లకి కాదు, మా నాయినకి రెండింటికే తెగేది" అన్నారు. పాపకి మగ్గం దగ్గరగా చూడాలని ఉంది. కొత్తవాడలో ఎవరింటికైనా తీసుకుపోవచ్చా?

ఈదులవనం, పరకాల దగ్గర

చెప్పమనండి తల్లీ. చీమల మాట కూడా చెప్పమనండి.

నాడె చప్పుడు, కొత్తవాడ

మేడం, ఆదివారం మా ఇంటికి రండి, పొద్దున పదింటిలోపు వస్తే బాపు మగ్గం మీదే ఉంటాడు. అత్తగారిని కూడా తీసుకురండి, వాళ్ళ నాన్న పేరు చెబితే బాపు గుర్తుపడతాడు. ఖద్దరు చిలప ఒకటి ఇంకా ఇంట్లో ఉంది, పాపతో ఒక పోగు అతికించి చూపిస్తాను.