ఉగ్రవాదాన్ని అడ్డుకునే విధానం పనిచేస్తోందా: రాయచోటి అరెస్టుల తర్వాత

పెన్నాతీరం, కడప
తమిళనాడు పోలీసులు 1990ల నుంచి వెతుకుతున్న ఇద్దరు నిందితులు రాయచోటిలో వేరే పేర్లతో ఏళ్లకేళ్లు కాపురముండి 2025లో దొరికారు. దొరికారు కాబట్టి విధానం పనిచేస్తోందనాలా, ఇన్నేళ్లు దొరకలేదు కాబట్టి లేదనాలా? ఉగ్రవాదం కేసులకు వాడే ఉపా (UAPA) చట్టం కింద 5,922 మందిని పట్టుకుంటే 132 మందికే శిక్ష పడిందని, అంటే 2.2 శాతమేనని అందరూ చెప్తున్నారు. ఆ లెక్క నిలుస్తుందా?

సీమ వకీలు, కర్నూలు
అంకెలు నిజమే, 2016-19కి పార్లమెంటులో చెప్పినవి. వాటిని భాగించడమే తప్పు. ఆ నాలుగేళ్లలో అరెస్టయినవాళ్లలో చాలామంది కేసులకు అప్పటికి తీర్పే రాలేదు. శిక్ష పడినవాళ్లలో అంతకుముందు అరెస్టయినవాళ్లూ ఉండొచ్చు. ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) తన కేసుల్లో శిక్షలు పడుతున్నాయని చెప్పుకునే తొంభై పైచిలుకు శాతమేమో తీర్పు వచ్చిన కేసుల మీద కట్టింది. ఈ రెంటినీ పోల్చకూడదు.

నేను చూసేది అరెస్టు నుంచి తీర్పుకు ఎన్నేళ్లన్నది. ఛార్జిషీటు గడువును 180 రోజుల దాకా పెంచవచ్చు. ఉపాలోని 43డి(5) సెక్షన్ వల్ల బెయిలు దొరకడం చాలా కష్టం. తప్పు చేయనివాడికీ ఏళ్లు లోపలే గడుస్తాయి. విచారణ ఎప్పటికీ తేలేలా లేకపోతే ఆ సెక్షన్ ఉన్నా బెయిలివ్వచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అందుకే.

కొండారెడ్డి బురుజు
హైదరాబాదు కేసులే చూడండి. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు 2007 ఆగస్టు 25న, తీర్పు 2018లో. దిల్‌సుఖ్‌నగర్ 2013 ఫిబ్రవరి 21న, ఎన్‌ఐఏ కోర్టు తీర్పు 2016 డిసెంబరుకే వచ్చింది. ఎన్‌ఐఏ వల్లే అందామంటే మక్కా మసీదు పేలుడు కేసూ వాళ్లదే. 2018లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మొదట్లో అనుమానంతో పట్టుకెళ్లిన కుర్రాళ్ల మీదా ఏమీ రుజువు కాలేదు. అంతమంది చనిపోయిన ఆ కుటుంబాలకు దోషి ఎవరో ఈ రోజుకీ తెలీదు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద వైఫల్యం.

గండికోట
చట్టాల సంగతి సరే, మన జిల్లాల్లో అసలు బొక్క క్వారీల్లో ఉంది. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలి పదిమంది పోయారు. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలోనూ పేలుడే. అవి ఉగ్రవాదం కావు. కానీ సరుకు లెక్క లేకుండా తిరిగే చోట ఎవరి చేతికైనా పోతుంది.

తనిఖీ అంటే రిజిస్టరులో సంతకం చూసి పోవడం కాదప్పా. ఆ రోజు ఎన్ని రంధ్రాలు వేశారు, రంధ్రానికి ఎన్ని కడ్డీలు పెట్టారు అని గుణించి, మ్యాగజైన్ (పేలుడు సరుకు దాచే గది) నుంచి తీసిన సంఖ్యతో సరిచూడాలి. మిగిలినవి అదే రోజు మ్యాగజైన్‌కు తిరిగి చేరాలి. కడ్డీలను పేల్చే డిటొనేటర్ల లెక్క వేరే తీయాలి. కడ్డీలు మిగిలినా "అన్నీ వాడేశాం" అని రాసేస్తారు, తేడా అక్కడే మాయమవుతుంది. లైసెన్సు ఒకరిది, పేల్చేది ఇంకొకరు అయితే అడిగే నాథుడే ఉండడు.

పెన్నాతీరం, కడప
రాయచోటి తర్వాత అద్దెకున్నవాళ్ల వివరాలు ఇవ్వమంటున్నారు. ఆధార్ జిరాక్స్ తీసుకుంటే చాలదా?

కొండారెడ్డి బురుజు
చాలదు. జిరాక్స్ మీద పేరు, ఫొటో మార్చడం తేలిక. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేసి, వచ్చే ఫొటోను మనిషితో పోల్చండి. అదీ సరిపోయినా, మారుపేరుతోనే కార్డు తీసుకున్నవాడు దొరకడు. పాత చిరునామా ఉన్న స్టేషన్ నుంచి జవాబు తెప్పించుకోవాలి. ఫారాలు కట్టకట్టి బీరువాలో పెడితే వ్యవస్థ పనిచేసినట్టు కాదు. ఇంకో మాట, ఫలానా మతంవాళ్లకు ఇల్లివ్వం అని మొదలుపెడితే, అనుమానం వచ్చినప్పుడు ముందుగా చెప్పగలిగిన ఇరుగుపొరుగే నోరు మూసుకుంటారు.

సీమ వకీలు, కర్నూలు
సాక్ష్యం దగ్గరా ఇదే అలసత్వం. అంగడి సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె, డీవీఆర్, చాలాచోట్ల పదిహేను, ముప్పై రోజులకే పాతది చెరిపేసుకుంటుంది. వీడియో తీసుకునేటప్పుడు డీవీఆర్ గడియారానికీ అసలు టైముకూ తేడా పంచనామాలో రాయాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్‌లో రెండు భాగాలు, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఉండాలి. ఇవి తప్పితే డిఫెన్సు వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఉపా కేసు నడపడానికి కావాల్సిన ప్రభుత్వ అనుమతి కూడా అంతే. సాక్ష్యాలు పరిశీలించే అధికారికి ఏడు పనిదినాలు, అనుమతిచ్చే ప్రభుత్వానికి ఇంకో ఏడు. ఈ గడువులు పాటించి తీరాలని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. మన జిల్లాల కేసుల్లో మొదట చూడాల్సింది ఆ రెండు తేదీలు.