పెంకుటింటి చూరుకు అతుకుల్లేని అల్యూమినియం గట్టర్ పనికొస్తుందా?

ప్రశ్న (రాజోలు దగ్గర నుంచి):
మాది పాత పెంకుటిల్లు. ముందు వసారా చూరు 40 అడుగులు ఉంటుంది. దాని అంచున వాన నీళ్లు పట్టే జింకు రేకు గట్టర్ తుప్పు పట్టి అతుకు అతుకుకీ కారుతోంది. ఆ నీళ్లు పడీ పడీ అరుగు పక్కన గుంట పడింది. అతుకుల్లేని అల్యూమినియం వేయించమని ఒకరు, పీవీసీ చాలని ఇంకొకరు అంటున్నారు. సముద్రం పెద్ద దూరం కాదు, చుట్టూ కొబ్బరిచెట్లే. ఏది మంచిదండి?

పాలకొల్లు నుంచి:
పీవీసీయే నయమండి. ఉప్పుగాలికి ఏమీ కాదు. మట్ట పడి విరిగితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

భీమవరం నుంచి (రేకుల పని చేస్తాను):
పై మాట నిజమే కానీ, పీవీసీ ఎండకు కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. 40 అడుగుల తిన్నని చూరుకైతే నేను అల్యూమినియమే చెబుతాను. రంగు పూత ఉన్న రేకు చుట్ట (కాయిల్) నుంచి మెషిన్ మీద అక్కడికక్కడే ఒకే పొడవున తీస్తారు. అయినా మూలల్లో, చివరి మూతల దగ్గర, పైపు దిగే చోట అతుకులు తప్పవు. అక్కడ సీలెంట్ ఎలా పెట్టారో దగ్గరుండి చూసుకోండి.

మందం 0.7, 0.8 మి.మీ. రకాలు దొరుకుతాయి. కొబ్బరిచెట్ల కింద 0.8 తీసుకోండి, బిల్లు మీద రాయించుకోండి. వానకు 5 అంగుళాల వెడల్పు సరిపోయినా, ఈనెలూ కొబ్బరి పూతా రాలే చోట 6 అంగుళాలైతే చెయ్యి పెట్టి తీయడం సులువు.

అసలు సంగతి గట్టర్‌ను వాసాలకు పట్టి ఉంచే కొక్కేల దగ్గర ఉంది. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. రెండడుగులకు ఒకటి అంటారు, మీరు అడుగున్నరకు ఒకటి అడగండి. ముందు వాసాల చివర్లు పొడిచి చూడండి, పుచ్చిన తాటి వాసానికి ఏ స్క్రూ నిలవదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడించండి. రెండు చివర్లనూ గోడకు బిగించేయనివ్వకండి. ఎండకు అల్యూమినియం సాగుతుంది, వేడి 30 డిగ్రీలు పెరిగితే 40 అడుగులకు 8 మి.మీ. పైనే.

ఇంకో రెండు. పచ్చి సిమెంటు తగిలితే అల్యూమినియం తినేస్తుంది, కాబట్టి మేస్త్రీ పని అయ్యాకే గట్టర్. ఏసీ రాగి గొట్టం నీళ్లు అందులోకి కారనివ్వకండి, రాగి నీళ్లకు చిల్లులు పడతాయి.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్సండి. పైపులు ఎన్ని కావాలి? లోపల మండువా చుట్టూ కూడా ఇదే వేయించనా?

భీమవరం నుంచి:
మండువాకు వద్దండి. నాలుగు వాలులు కలిసే మూలల్లో ఈ మెషిన్ ఆకారం కుదరదు. అక్కడ రేకును చేత్తో మలిచే పాత పనివాళ్లే కావాలి.

చూరు నుంచి ఇంటి కొప్పు దాకా 12 అడుగులు అనుకుంటే, పైకప్పు సుమారు 45 చదరపు మీటర్లు. గంటకు 100 మి.మీ. వాన పడితే నిమిషానికి 75 లీటర్లు దిగాలి. రెండు చివర్లా 75 మి.మీ. పైపు చెరొకటి పెట్టి, మధ్య నుంచి అటూ ఇటూ వాలు ఇవ్వండి. ఒక్కో వైపు 20 అడుగులకు అరంగుళం చాలు. నీళ్ల ట్యూబుతో కొలిపించండి, కంటి చూపుతో వద్దు.

అమలాపురం నుంచి:
పైపు దిగాక నీళ్లు ఎటు పోతాయో ముందే తేల్చుకోండి. వానాకాలంలో మన దగ్గర గుంత తీస్తే నీరు పైకే ఉంటుంది, ఇంకుడు గుంత నిండిపోయి మళ్లీ పునాది దగ్గరికే వస్తుంది. మురుగు కాలువలోకి గానీ బోదెలోకి గానీ పంపండి. మీ బోరు ఉప్పగా ఉంటే ఒక పైపును తొట్టిలోకి తిప్పుకోండి. తొలివాన నీళ్లు బయటికి వదిలేయాలి, పెంకుల మీది దుమ్మూ పిట్టల రెట్టా అందులోనే వస్తాయి.

ప్రశ్న వేసినవారు:
మా ఇల్లు కాలువ గట్టు సందులో. మెషిన్ వ్యాను లోపలికి రాదే!

భీమవరం నుంచి:
రోడ్డు మీదే తీయించి మోయించుకోండి. 40 అడుగుల గట్టర్ బరువు ఉండదు గానీ మధ్యలో వంగితే మడత పడిపోతుంది, అందుకని అయిదారుగురు వరసగా పట్టుకోవాలి. సందులో మలుపు ఉంటే మాత్రం రెండు ముక్కలుగా తీయించి, మధ్యలో ఒక అతుకు ఒప్పుకోండి. వాలు మధ్య నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ అతుకు మీద నీళ్లు నిలవవు.